కరెంటు కారు కొందామా?

రమణమ్మది నెల్లూరు జిల్లా. కావలి దగ్గర ఒక పల్లె. ఆమెకు నలభై ఆరేళ్ళు. కిందటి ఏడాది దాకా వేలిముద్ర వేసేది. ఇప్పుడు రాత్రి బడికి పోతోంది. పేరు రాస్తుంది. బస్సు బోర్డు చదువుతుంది. కూడికలు, తీసివేతలు బాగా వచ్చు. గుణకారం కొంచెం తడబడుతుంది.

ఆమె అత్త మస్తానమ్మకు కూడా చదువు వచ్చు. 1991లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. అప్పుడు ఆమె లాంతరు వెలుగులో నేర్చుకుంది. ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు. నోటి లెక్కలో మాత్రం ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు.

ఒక సాయంత్రం రమణమ్మ కొడుకు శీనయ్య కొన్ని కాగితాలు తెచ్చాడు. శీనయ్య ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. రోజూ మోటారు సైకిల్ మీద కావలి పోయి వస్తాడు.

"అమ్మా, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అన్నాడు.

"ఏం కాయితాలురా అబ్బయా ఇవి?"

"కారుకు లోను. కొత్తది. కరెంటు కారు. పెట్రోలు పని లేదు. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే తెల్లారేసరికి నిండుతుంది."

కోడలు సుజాత పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసింది. పిల్లలిద్దరూ ఎగిరి గంతేశారు. ఎందుకు గంతేయరు? కిందటి కార్తీకంలో నలుగురూ ఒకే బండి మీద పెళ్ళికి పోతూ వానలో జారి పడ్డారు. చిన్నవాడి గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. శీనయ్యకు ఆ రోజు నుంచి కారు మీద మనసు పడింది. అది తప్పా? కాదు. తండ్రికి ఉండాల్సిన బాధే అది.

వెనకటి రోజుల్లో అయితే రమణమ్మ బొటనవేలు చాపేది. ఇప్పుడు కళ్ళజోడు తెమ్మంది.

కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మాటలు ఆమెకు తెలియవు. అంకెలు మాత్రం అంకెలే. ఒక చోట 7,00,000 అని ఉంది. ఇంకో చోట 11,440 అని ఉంది. దాని పక్కన 84 అని ఉంది.

"ఈ 84 ఏంది?"

"నెలలమ్మా. ఏడేళ్ళు కట్టాలి. నెలకు 11,440. కారు మొత్తం 9 లక్షలు అవుతుంది. మనం 2 లక్షలు చేతి నుంచి పెడితే మిగతాది లోను."

"మరి నా సంతకం ఎందుకు?"

శీనయ్య కొంచెం నసిగాడు. "హామీ కోసం" అన్నాడు.

హామీ సంతకం అంటే ఏమిటో మీకు తెలుసు కదా. పొదుపు సంఘంలో అందరం పెట్టిందే. అప్పు తీసుకున్న మనిషి కట్టకపోతే హామీ ఇచ్చిన మనిషి కట్టాలి. కొడుకు మంచివాడే కావచ్చు. బ్యాంకు మాత్రం మంచితనం చూడదు, కిస్తీ చూస్తుంది.

"రెండు రోజులు నా దగ్గర ఉంచు. చదువుకుంటాను" అంది రమణమ్మ.

"నువ్వు చదివేది ఏముందమ్మా!" అన్నాడు శీనయ్య. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

మర్నాడు రాత్రి రమణమ్మ ఆ కాగితాలను బడికి తీసుకుపోయింది. మాధవి టీచరు ఆ రోజు పాఠం పక్కన పెట్టింది. "ఈ రోజు ఇదే మన లెక్క" అని నల్లబల్ల తుడిచింది. మీరు కూడా పలకో, కాగితమో తీసుకోండి. వాళ్ళతో పాటు వేయండి.

ముందు కిస్తీల లెక్క. 11,440ని 84తో గుణించాలి. వచ్చింది 9,60,960. దానికి చేతి నుంచి పెట్టే 2,00,000 కలపాలి. మొత్తం 11,60,960. అంటే 9 లక్షల కారుకు 11 లక్షల 60 వేలు పైన కడతాం. వడ్డీ ఒక్కటే 2,60,960.

"అమ్మో!" అంది కోటేశ్వరమ్మ.

"అప్పుడే భయపడొద్దు. అప్పు చేస్తే వడ్డీ ఎవరికైనా తప్పదు. కారు వల్ల మిగిలేది ఎంతో చూద్దాం" అంది టీచరు.

మిగులు తెలియాలంటే కరెంటు కారు ఎలా నడుస్తుందో తెలియాలి. దాని అడుగున పెద్ద బ్యాటరీ ఉంటుంది. అందులో కరెంటు నింపుతాం. ఇంటి బిల్లు మీద యూనిట్లు అని ఉంటుంది చూడండి. బ్యాటరీని కొలిచేది కూడా ఆ యూనిట్లతోనే. చిన్న కారు బ్యాటరీలో 19 నుంచి 24 యూనిట్లు పడతాయి. ఒక యూనిట్ కరెంటు మీటరులో తిరిగితే కారు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. 24 యూనిట్ల బ్యాటరీ నిండా ఉంటే కంపెనీ కాగితంలో 290 కిలోమీటర్ల దాకా రాసి ఉంటుంది. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కితే 200 అనుకోవడం మంచిది. పాలవాడి కొలతకు, మన ఇంటి గిన్నె కొలతకు తేడా ఉన్నట్టే ఇదీ.

శీనయ్య చెప్పిన మాట ఒకటి ఉంది. పెట్రోలు కారుకు కిలోమీటరుకు 6 రూపాయలు, కరెంటు కారుకు రూపాయి. ఇది నిజమేనా?

పెట్రోలు లీటరు సుమారు 110 రూపాయలు. కారు లీటరుకు 18 కిలోమీటర్లు పోతుంది. 110ని 18తో భాగిస్తే 6 రూపాయల పైన వస్తుంది. ఆ మాట నిజమే.

ఇక కరెంటు. రమణమ్మ తన ఇంటి బిల్లు తెచ్చింది. నెలకు 140 యూనిట్లు కాలుతున్నాయి. మన రాష్ట్రంలో కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎక్కువ వాడే కొద్దీ పై మెట్టు. 126 నుంచి 225 వరకు యూనిట్‌కు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు ఛార్జీలు, సుంకాలు వేరే. కారుకు వాడే కరెంటు ఇంటి కరెంటు మీద పడుతుంది. అంటే పై మెట్ల ధరే దానికి వర్తిస్తుంది. ఈ సంగతి కారు అమ్మేవాళ్ళు చెప్పరు.

శీనయ్య పనికి రోజుకు 30 కిలోమీటర్లు తిరుగుతాడు. నెలకు 25 రోజులు. 750 కిలోమీటర్లు. ఇంటి అవసరాలకు ఇంకో 250 అనుకున్నారు. మొత్తం నెలకు 1,000. దానికి 167 యూనిట్లు కావాలి. ఇంటివి 140. రెండూ కలిపితే 307.

కారుకు పడే 167లో మొదటి 85 యూనిట్లకు 6 రూపాయల చొప్పున 510. మిగిలిన 82 యూనిట్లకు 8.75 చొప్పున 717 రూపాయల 50 పైసలు. మొత్తం 1,230 దాకా. కిలోమీటరుకు రూపాయి పావలా పడింది. శీనయ్య మరీ అబద్ధం చెప్పలేదు.

"అయితే కొనొచ్చు కదా! నెలకు అయిదు వేల దాకా మిగులుతుంది" అంది కోటేశ్వరమ్మ.

రమణమ్మ చాలా సేపు నల్లబల్లనే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"టీచరమ్మా, మిగలడం అంటే ఇప్పుడు పెట్టే ఖర్చులో నుంచి మిగలాలి కదా. మాకు పెట్రోలు కారు లేదు. లేని కారుకు పెట్రోలు ఎక్కడ పోస్తున్నాం? ఇక మిగిలేది ఎక్కడ నుంచి?"

బడి అంతా నిశ్శబ్దం అయింది. ఇది చిన్న మాట కాదు. చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ బోల్తా పడతారు.

శీనయ్య ఇప్పుడు మోటారు సైకిల్ మీద పోతున్నాడు. అది లీటరుకు 50 ఇస్తుంది. 750 కిలోమీటర్లకు 15 లీటర్లు. 1,650 రూపాయలు. కారు వస్తే ఈ 1,650 మిగులుతుంది. పెట్రోలుకు సంబంధించి అంతే మిగులు.

మరి ఇంటిల్లిపాదీ పోయే ప్రయాణాలు? ఇంటికి వచ్చి రమణమ్మ, సుజాత గోడ మీది క్యాలెండరు దించారు. సుజాతకు ఒక అలవాటు ఉంది. ఎక్కడికి పోయినా ఆ తేదీ కింద రాసి పెడుతుంది. ఏడాది మొత్తం తిరగేశారు. అత్తకు చూపించడానికి నెల్లూరు ఆస్పత్రికి 10 సార్లు. పోను రాను 110 కిలోమీటర్లు. మొత్తం 1,100. ఒంగోలులో ఆడబిడ్డ ఇంటికి 4 సార్లు, 560. పెళ్ళిళ్ళు, పేరంటాలు 8, అన్నీ కలిపి 480. తిరుపతి కొండకు ఒకసారి, రెండు రోజులు, 420. కూడితే 2,560. మరచిపోయినవి కూడా ఉంటాయని 3,000 వేసుకున్నారు. నెలకు 250. శీనయ్య చెప్పింది అంతే.

నిజానికి వాటిలో చాలా ప్రయాణాలు బస్సులోనే చేశారు. అయినా అన్నిటికీ బాడుగ కారే పెట్టుకుంటే ఎంత అవుతుందో చూద్దామంది సుజాత. కిలోమీటరుకు 14 రూపాయలు. 3,000 కిలోమీటర్లకు 42,000. డ్రైవరు బత్తా రోజుకు 400. 24 రోజులకు 9,600. మొత్తం 51,600. నెలకు 4,300.

"అంటే నెలకు 4,300 పెడితే మనం ఎక్కడికైనా కారులోనే పోవచ్చా అత్తా?" అంది సుజాత. ఆమె గొంతులో ఆశ్చర్యం ఉంది. బాడుగ కారు అంటే గొప్పవాళ్ళ సంగతి అని ఇన్నాళ్ళు అనుకుంది.

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. బాడుగ కారు 4,300, మోటారు సైకిల్ పెట్రోలు 1,650. మొత్తం 5,950. సొంత కారు అయితే కిస్తీ 11,440, కరెంటు 1,230, బీమా ఏడాదికి 24,000 అనుకుంటే నెలకు 2,000. మొత్తం 14,670. తేడా ఎంత? తీసివేత మీరే చేయండి. 8,720 రావాలి. ప్రతి నెలా. ఏడేళ్ళు.

ఈ లెక్కలో ఇంకోటి రాలేదు. అది సుజాత ఖాతా సంగతి.

పిల్లలిద్దరూ సర్కారు బడిలో చదువుతున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు సుజాత ఖాతాలో పడింది. ఒక్కొక్కరికి 13,000. ఇద్దరికీ 26,000. ఆ పథకం నిబంధనల్లో రెండు మాటలు ఉన్నాయి. నాలుగు చక్రాల సొంత బండి ఉన్న కుటుంబానికి డబ్బు రాదు. ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు. రెండో మాట, కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటినా రాదు. ఇందాక మన లెక్కలో 307 వచ్చింది, గుర్తుందా? బియ్యం కార్డుకు కూడా 2019లో ఇలాంటి షరతులే పెట్టారు. కారు పెట్రోలుదా కరెంటుదా అని నిబంధన అడగదు. చక్రాలు లెక్కపెడుతుంది. ఇలాంటివి మారుతూ ఉంటాయి. అందుకని సుజాత సచివాలయానికి పోయి స్వయంగా అడిగి వచ్చింది. మీరూ ఏదైనా పెద్ద వస్తువు కొనేముందు అక్కడ ఒక మాట అడగండి. కొన్న తర్వాత అడిగితే ఏం లాభం?

ఆ రాత్రి ఇంట్లో అందరూ కూర్చున్నారు. రమణమ్మ నోటుపుస్తకం తెరిచింది. శీనయ్య మొదట వినలేదు.

"అన్నీ డబ్బుతోనే కొలుస్తారా? వాడి గడ్డం మీద కుట్లు చూశారా?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు నోటుపుస్తకంలో జవాబు లేదు.

మస్తానమ్మే నోరు విప్పింది. "కుట్లు పడింది కారు లేక కాదురా నాయనా. నలుగురు ఒక బండి ఎక్కినందుకు. ఆ రోజు 800 ఇచ్చి ఆటో పిలిస్తే సరిపోయేది. మేం వద్దన్నామా? నీకే చేతులు రాలేదు."

శీనయ్య తల దించుకున్నాడు. కాసేపటికి అన్నాడు, "ఏడేళ్ళ తర్వాత కారు మనదే కదా. బాడుగ డబ్బు పోతే పోయినట్టే."

అది కూడా ఆలోచించాల్సిన మాటే. కారు అమ్మితే ఎంతో కొంత వస్తుంది. కానీ కరెంటు కారుకు ప్రాణం బ్యాటరీ. దానికి చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది, హామీ ఇస్తాయి. లోను తీరేసరికి 7 ఏళ్ళు. హామీ మిగిలేది ఒక్క ఏడాది. ఆ తర్వాత బ్యాటరీ మార్చాల్సి వస్తే ఖర్చు లక్షల్లో ఉంటుంది. పాత కారు కొనేవాడు కూడా ముందు అదే చూస్తాడు.

"కరెంటు కారు ఎవరికీ పనికిరాదనా మరి?" అన్నాడు శీనయ్య.

ఎందుకు పనికిరాదు? కోటేశ్వరమ్మ అక్క కొడుకు నెల్లూరులో కరెంటు కారు తోలుతున్నాడు. ఆకుపచ్చ బోర్డు మీద పసుపు అక్షరాలు. ట్యాక్సీ. రోజుకు 150 కిలోమీటర్లు తిరుగుతాడు. పెట్రోలు అయితే రోజుకు 900 అయ్యేది. ఇంట్లో కొంత, బయట స్టేషనులో కొంత ఛార్జింగు పెడితే 250లో పోతోంది. బయట యూనిట్‌కు 15 నుంచి 25 రూపాయల దాకా తీసుకుంటారు, అయినా లాభమే. రోజుకు 650 మిగులు. 25 రోజులకు 16,250. కిస్తీ దాంట్లోనే వెళ్ళిపోతుంది. బండి ఎంత ఎక్కువ తిరిగితే కరెంటు అంత కలిసి వస్తుంది. రమణమ్మ ఇంట్లో కారు కొంటే ఎక్కువ రోజులు వేపచెట్టు కిందే ఉంటుంది. కాకులకు తప్ప లాభం లేదు.

సుజాత ఇంకో మాట అంది. "పోనీ, కరెంటు స్కూటరు కొంటే?"

అందరూ ఉత్సాహంగా ఆ లెక్క కూడా వేశారు. స్కూటరు 1,20,000 దాకా ఉంది. యూనిట్‌కు 30 కిలోమీటర్లు పోతుంది. 750 కిలోమీటర్లకు 25 యూనిట్లు చాలు. 150 రూపాయలు. ఇప్పుడు పెట్రోలుకు 1,650 పెడుతున్నారు. నెలకు 1,500 నిజంగా మిగులుతుంది. ఇది లేని కారు మిగులు కాదు, జేబులో మిగులు. రెండు చక్రాలే కాబట్టి పథకాలకు అడ్డు లేదు. యూనిట్లు 165 దగ్గరే ఆగుతాయి.

అయితే ఉన్న మోటారు సైకిల్ కొని మూడేళ్ళే అయింది. ఇంకా బాగా నడుస్తోంది. అది అమ్మితే 30,000 వస్తాయి. ఇంకా 90,000 చేతి నుంచి పడాలి. నెలకు 1,500 చొప్పున అది తిరిగి రావడానికి 60 నెలలు. అయిదేళ్ళు. ఈ బండి అరిగిపోయి, ఎలాగూ కొత్తది కొనాల్సిన రోజు వస్తే వేరు. అప్పుడు పెట్రోలు బండికీ లక్ష పెట్టాల్సిందే. తేడా 20,000 మాత్రమే. ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది.

"స్కూటర్లు తగలబడతాయంటారే?" అంది మస్తానమ్మ.

భయం ఉత్తది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. ఆ ఏడాది అలాంటివి చాలా చోట్ల జరిగాయి. తర్వాత 2022 డిసెంబరు నుంచి బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టి చేశారు. అయినా మన జాగ్రత్త మనది. పడుకునే గదిలో ఛార్జింగు పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడాలి. టీవీ, ఫ్యాను పెట్టే చిన్న ప్లగ్గు చాలదు. కారుకైతే 15 ఆంపియర్ల ప్లగ్గు, మందమైన వైరు, సరైన ఎర్తింగు ఉండాలి. పొడుగు వైరు డబ్బా లాగి పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. మన ఇళ్ళలో చాలా వాటికి ఎర్తింగు లేనే లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ఇంకోటి. మనది తుఫాన్ల జిల్లా. గాలివాన వస్తే రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. బ్యాటరీ ముందే నింపి పెట్టుకోకపోతే అవసరానికి బండి కదలదు.

చివరికి కాగితాల మీద రమణమ్మ సంతకం పెట్టలేదు. శీనయ్య రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు కాగితాలు తనే తీసి బీరువాలో పెట్టాడు, చించలేదు.

సంక్రాంతి తర్వాత వాళ్ళు తిరుపతి బయలుదేరారు. ఈసారి బస్సులో కాదు. కోటేశ్వరమ్మ అక్క కొడుకు కరెంటు కారు బాడుగకు మాట్లాడారు. శీనయ్య ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా డ్రైవరును ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. బండికి చప్పుడు లేదు. మస్తానమ్మ కావలి దాటేలోపే నిద్రపోయింది.

రమణమ్మ వెనక నుంచి మెడ చాపి అద్దం కింద వెలిగే అంకెలు చదివింది. నోటుపుస్తకంలో రాసుకుంది. కావలిలో 100. నెల్లూరులో 73. గూడూరులో 54. ఇంకా కొంత దూరం పోయాక ఒక హోటలు దగ్గర ఛార్జింగు పెట్టారు. గంట సేపు ఆగాలి. వేరే దారి లేదు. చెట్టు కింద దుప్పటి పరిచారు. సుజాత పులిహోర, పెరుగన్నం మూటలు విప్పింది. పిల్లలు ఛార్జింగు మిషను చుట్టూ తిరిగి, దాని మీది అంకెలను పెద్దగా చదువుతున్నారు.

"అవ్వా, 61 అయింది!" అని చిన్నవాడు అరిచాడు.

రమణమ్మ ఎడమ చేత్తో ముద్ద పట్టుకుని, కుడి చేత్తో ఆ 61 కూడా రాసుకుంది.